పక్క సీటామె అడిగిన మాట

షుగరు ముదిరి మా ఆయన కాలివేళ్ళు రెండు తీసేశారు. ఒకనాడు కృష్ణగిరి ఆసుపత్రిలో కట్టు మార్పించుకుని హోసూరు బస్సు ఎక్కాము. కిటికీ పక్కన కూర్చున్న ఆయన ఉన్నట్టుండి ఏడవసాగాడు. ఇంట్లోనూ అంతే, ఊరికే ఏడుస్తాడు. మగవాడు ఏడిస్తే నలుగురిలో పరువు పోతుందని నేను కొంగుతో ఆయన మొహం తుడిచి, "కంట్లో దుమ్ము పడిందిలే," అన్నాను, అందరికీ వినబడేలా.

నాకు అవతలి పక్క సీటులో పూలగంప ఒళ్ళో పెట్టుకున్న ఒకామె, "కాలు నొప్పా అప్పా?" అని అడిగింది.

"నొప్పి లేదమ్మా, మాత్రలు ఇచ్చినారు," అన్నాను నేను.

"నిన్ను కాదమ్మా, ఆయప్పను అడిగినాను. ఆయప్పకి నోరుంది కదా," అని నవ్వి, నా మీదుగా ముందుకు వంగింది. "మనసు బాగలేదా అప్పా?"

"బాగలేదమ్మా. బతకాలని లేదు."

డాక్టరు ముందు కూడా ఆయన బదులు నేనే మాట్లాడేదాన్ని. ఈ మాట నేనెప్పుడూ వినలేదు, అడగనూ లేదు.

"ఇది కూడా డాక్టరుకి చెప్పప్పా. కాలికి మాదిరే దీనికీ మందు ఉండాది," అందామె.

ఆయన తన మనసులోది ఆమెకు చెప్పుకుంటూ వచ్చాడు. శూలగిరిలో ఆమె దిగిపోయింది. ఖాళీ అయిన ఆ సీటు వైపే చూస్తూ ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నడుమ నేను తల వంచుకుని కూర్చున్నాను.