అటకెక్కిన కుక్కర్

ఇస్సాకుగారు పటాలంలో ఇరవై నాలుగేళ్లు చేసి, సుబేదారుగా దిగి, తాడేపల్లిగూడెంలో ఇల్లు కట్టుకున్నారు. అలాంటి మనిషి కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకోవచ్చు. అబ్బే, ఆయనకి ఊరుకోవడం చేతకాదు. ఏలూరులో మూడు రోజుల శిక్షణ ఉందంటే వెళ్లొచ్చారు. మిలిటరీలో, పోలీసుల్లో, ఫైర్ స్టేషన్లలో, అంబులెన్సుల్లో పనిచేసి మనసు చెదిరినవాళ్లకీ, వాళ్ల ఇంటివాళ్లకీ బైబిలు చూపించి ధైర్యం ఎలా చెప్పాలో అక్కడ నేర్పారట. ఇచ్చిన సర్టిఫికెట్‌ని లామినేషన్ చేయించి వరండాలో తగిలించారు. దాని కింద రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేశారు. గేటుకి బోర్డు కట్టారు. మొదటి ఆరు నెలలూ ఆ రెండో కుర్చీలో పక్కింటి పిల్లి తప్ప ఎవరూ కూర్చోలేదు.

శిక్షణలో ఇచ్చిన పుస్తకంలో మొట్టమొదటి నియమం, విన్నమాట కడుపులో దాచుకోమని. దాని కింద ఆయన ఎర్ర పెన్నుతో రెండు గీతలు కూడా గీశారు.

ఏడో నెలలో ఏసుకుమార్ వచ్చాడు. ఫైర్‌మన్. ముప్పై రెండేళ్లుంటాయి. పోయినేడు వరదలకి కొల్లేటి లంక గ్రామంలో పడవ మీద జనాన్ని దాటిస్తుంటే, ఒక ముసలామె చెయ్యి అతని చేతిలోంచి జారిపోయింది. మర్నాటికి గానీ ఆమె దొరకలేదు. ఆ రోజు నుంచి తన కూతురు బ్లెస్సీ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించలేకపోతున్నాడు. ఐదేళ్ల పిల్ల చెయ్యి చాపితే ఇతను జేబులో చేతులు పెట్టుకుంటున్నాడు. భార్య శాలినికి కూడా ఈ సంగతి చెప్పలేదు. అరగంట కూర్చుని, తల వంచుకుని, ఇస్సాకుగారికి చెప్పాడు. ఇస్సాకుగారు బైబిల్లోంచి నాలుగు వాక్యాలు చదివి, ప్రార్థన చేసి పంపారు. ఆ సాయంత్రం ఆయన నడకే మారిపోయింది. బోర్డు ఫలించింది మరి.

చర్చిలో బుధవారం ప్రార్థన కూటం వచ్చింది. కూటం చివర పాస్టరుగారు, "ప్రార్థన మనవులేమన్నా ఉన్నాయాండీ?" అని అడుగుతారు. ఒకళ్లు మోకాళ్ల నొప్పులంటారు, ఒకళ్లు పిల్లాడి పరీక్షంటారు. అందరూ కలిసి గట్టిగా ప్రార్థిస్తారు. ఇస్సాకుగారు లేచారు.

"పేరు చెప్పనండి. అది నియమం. ఒక సోదరుడు. ఫైర్ స్టేషన్లో పని. పెంటపాడు రోడ్డులో ఉంటాడు. ఐదేళ్ల కూతురు..."

అని మొత్తం చెప్పారు. పేరు మాత్రం చెప్పలేదు. ఆ సంఘంలో ఫైర్‌మన్ ఒక్కడే ఉన్నాడన్న సంగతి ఆయనకి తట్టలేదు. నలభైమంది కన్నీళ్లతో ప్రార్థించారు. ఏసుకుమార్ ఆ పూట డ్యూటీలో ఉన్నాడు గానీ, శాలిని మూడో వరసలోనే కూర్చుని ఉంది. తన మొగుడి సంగతి ఆమెకి అలా తెలిసింది.

మర్నాడు పొద్దున్నే సంఘమంతా అరటిపళ్లతో వాళ్లింటికి కదిలింది. సంఘంలో పెద్దావిడ దానమ్మగారయితే బ్లెస్సీ చెయ్యి తీసుకొచ్చి అతని అరచేతిలో పెట్టి, "పట్టుకో నాయనా, విశ్వాసంతో పట్టుకో" అన్నారు. అతను చెయ్యి లాగేసుకున్నాడు. పిల్ల గొల్లుమంది. అతను గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

నెల గడిచింది. చర్చికి రాడు, ఇంట్లో నోరు విప్పడు. ఒక మధ్యాహ్నం శాలిని ఇస్సాకుగారి వరండాకి వచ్చి పిల్లిని లేపి ఆ కుర్చీలో కూర్చుంది.

"ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి బీరువాలో పెట్టుకున్నారండి. రేపో మాపో ఇచ్చేసేలా ఉన్నారు. ఆ పని లేకపోతే ఈయన బతకలేరండి. నాకు భయంగా ఉందండి."

ఇస్సాకుగారు కళ్లు తుడుచుకున్నారు. మంచి మనిషే, దానికేం లోటు లేదు. "దిగులుపడకమ్మా. వచ్చే బుధవారం ఈ సంగతి కూడా ప్రార్థనకి పెడదాం" అన్నారు.

శాలిని లేచి వెళ్లిపోయింది. లోపలి నుంచి ఇస్సాకుగారి భార్య యేసమ్మగారు వచ్చారు.

"ఏవండీ, ఇంక మీరు ఎవరికీ ఏమీ చెప్పకండి."

"నేనేం తప్పు చేశాను? పేరు చెప్పానా? నీలాగా నోరు కుట్టేసుకోమంటావా? పన్నెండేళ్ల నుంచి చూస్తున్నాను, పాస్టరుగారు అడిగిన ప్రతిసారీ 'నాకేం మనవి లేదండి' అంటావు. భక్తంటే అదేనా?"

"బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని పడుకుంటే దూత రొట్టె పెట్టిందండి. మీటింగు పెట్టలేదు" అన్నారు యేసమ్మగారు. "నాకు మనవి లేక కాదండి." అని ఒక్కసారి అటక వైపు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయారు.

అటక మీద గోనెసంచిలో కుక్కరుంది. ఆయన రిటైరై ఇంటికొచ్చిన మొదటి వారంలో అది విజిల్ వేసింది. రెండో విజిల్‌కి ఇస్సాకుగారు మంచం కింద ఉన్నారు. యేసమ్మగారు వంగి చూస్తే, "చెప్పు వెతుకుతున్నాను" అన్నారు. "దొరికిందాండీ?" అని మాత్రం ఆవిడ అడిగారు. ఆ సాయంత్రమే కుక్కర్ అటకెక్కింది. ఎవరడిగినా, "కుక్కర్ అన్నం నాకు సయించదండి" అంటూ పన్నెండేళ్లుగా గిన్నెలో వండి గంజి వారుస్తున్నారు. "మా ఆవిడది పాతకాలం చాదస్తం" అని వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా ఇస్సాకుగారు నవ్వేవారు. నవ్వీ నవ్వీ, అదే నిజమని తనే నమ్మేశారు. ఇప్పుడు వరండాలో కూర్చుంటే ఆ నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గుతో ఆయన తల దించుకున్నారు.

మర్నాడు పుస్తకం, బైబిలు ఇంట్లోనే వదిలేసి ఏసుకుమార్ ఇంటికెళ్లారు. అతను గుమ్మంలోనే నిలబెట్టాడు.

"నీకేమీ చెప్పడానికి రాలేదు. నా సంగతి ఒకటుంది, వింటావా?" అన్నారు. గుమ్మంలోనే చెప్పారు. "బోర్డర్లో మా పోస్టులో అత్తిలివాడు వీర్రాజని ఉండేవాడు. మా ఇద్దరిదే తెలుగు. నీళ్లు తేవడం ఆ రోజు నా వంతు. చలిగా ఉంది, నువ్వెళ్లరా అన్నాను. వెళ్లాడు. ఈల వేసుకుంటూ గుండొచ్చింది. వాళ్లమ్మగారు అత్తిలిలోనే ఉన్నారట. ఇప్పటికీ ఆవిడ మొహం చూడలేదు. అత్తిలి బోర్డున్న బస్సు ఎక్కను. ఇది యేసమ్మకి కూడా చెప్పలేదు. నీ సంగతి నేను పదిమందిలో పెట్టాను. నా సంగతి ఇప్పుడు నీ దగ్గరుంది. బుధవారం లేచి చెప్పినా నిన్నేమీ అనను" అన్నారు.

ఏసుకుమార్ కుర్చీ తెచ్చి వేశాడు.

బుధవారం కూటానికి అతను వచ్చాడు. పక్కన శాలిని, ఆమె చెయ్యి పట్టుకుని బ్లెస్సీ. మనవులేమన్నా ఉన్నాయాండీ అని పాస్టరుగారు అడగ్గానే లేచి నిలబడ్డాడు. దానమ్మగారు ముందుగానే కొంగు కళ్లకి అద్దుకున్నారు. ఇస్సాకుగారికి చెమటలు పట్టాయి.

"నాకేం మనవి లేదండి" అని కూర్చున్నాడు ఏసుకుమార్.

ఆడవాళ్ల వైపు నుంచి యేసమ్మగారు ఎప్పటిలాగే, "నాకూ లేదండి" అన్నారు. సంఘంలో భక్తి చల్లారుతోందని దానమ్మగారు బయటికొచ్చాక బాధపడ్డారు.

చర్చి గేటు దగ్గర ఏసుకుమార్ ఆగాడు. బ్లెస్సీ తండ్రి చొక్కా అంచు పట్టుకుని ఉంది. అతను లాక్కోలేదు.

"సార్, శనివారం నాకు డ్యూటీ లేదండి. అత్తిలి వెళ్లొద్దామా?"

వెనకనుంచి యేసమ్మగారు అన్నారు, "పొద్దున్నే బయల్దేరండి బాబూ. ఇద్దరికీ క్యారేజీ కడతాను."