ఆఖరి రేణువు

మా సార్ పోయిన సంగతి నాకు ఒక వీడియోగా తెలిసింది. మంగళవారం పొద్దున, ఆయనా నేనూ పనిచేసిన గ్రాఫిక్స్ స్టూడియో వాట్సాప్ గ్రూపులో. నవ్వుతున్న ఆయన ఫోటో దుమ్మై పైకి లేచి మాయమవుతుంది, కింద చేతులు జోడించిన బొమ్మ. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు ఒళ్లు మండింది. ఆ దుమ్మంతా ఒకే వేగంతో లేచి, ఒకే క్షణంలో ఆరిపోయింది. సాఫ్ట్‌వేర్‌లో ముందే ఉన్న ఎఫెక్టును, ఒక్క అంకె కూడా మార్చకుండా, బటన్ నొక్కి వదిలేశారు. ఇంకెవరి ఫోటోకైనా అలా చేసుకోండి. ఆయన ఫోటోకా!

సినిమాల్లో మీరు చూసే దుమ్ము, పొగ, నిప్పురవ్వలు చాలావరకు కంప్యూటర్‌లో పుట్టిన వేల రేణువులు. ప్రతిదానికీ బరువు, వేగం, ఆయుష్షు ఇంతని మనమే చెప్పాలి. పద్మారావు నగర్‌లో ఒక మేడగదిలో సార్ మాకు నేర్పింది ఆ పనే. మొదటి వారమంతా కంప్యూటర్ ముట్టనివ్వలేదు. గుప్పెడు ముగ్గుపిండి చేతిలో పోసి, పిట్టగోడ మీంచి మెల్లగా వదలమనేవారు. కింద బట్టలు ఆరేసుకున్న ఇంటావిడ రోజూ మా మీదికి లేచేది.

"ఏంది సారూ గీ పరేషాన్? ఉతికిన బట్టలన్నీ ఖరాబ్ అయితున్నయ్!"

"జెర ఓపిక పట్టమ్మా, పిల్లలు చదువుకుంటున్నరు," అనేవారు సార్. మా వైపు తిరిగి, "ఏది ముందు పడ్డది? ఏది ఇంక గాలిలనే ఉన్నది? అన్నీ ఒక్కతీరుగ పడితే అది దుమ్ము కాదు బిడ్డా, పరేడ్," అనేవారు.

ఒకసారి యాప్రాల్ దగ్గర కంకర లారీ వెనకాలే నాతో స్కూటర్ నడిపించారు. ఇద్దరం మొహాలు తెల్లగా చేసుకుని దిగాం. "చూసినవా? దొడ్డుది టైర్ కాడనే కూలవడ్డది. సన్నది నీ ముక్కు దాక వచ్చింది," అని సంబరపడ్డారు. నేను తుమ్ముతూనే ఉన్నాను.

అలా చూసి చూసి, స్టూడియో కంప్యూటర్‌లో ఆయన సొంతంగా ఒక అమరిక తయారుచేశారు. దొడ్డు దుమ్ముకు ఒక మీట, సన్నదానికి ఒకటి, గాలికి ఒకటి, ఆయుష్షుకు ఒకటి. దేన్నైనా విడిగా, వెంట్రుకవాసి మార్చుకోవచ్చు. మేనేజర్ చూసి నవ్వాడు. "రెండు సెకన్ల షాట్ సార్. ఇంత ఎవరు చూస్తారు?" అని దాన్ని పక్కన పెట్టించాడు. ఆ గదిలో నేనూ ఉన్నాను. నోరు విప్పలేదు. ఆ మేనేజర్ మీద ఎంత కోపముందో, నా మీద నాకు అంతకన్నా ఎక్కువ ఉంది.

ఆ సాయంత్రం చాయ్ తాగుతూ సార్ అన్నది ఒక్కటే. "చూస్తరు బిడ్డా. చెప్పనీకి రాదు, గంతే. ఆఖరి రేణువును జెర ఆలస్యంగ పంపియ్యి. చూసేటోళ్లు దాని వెంబడే పోతరు."

ఆయన అమరిక కాపీ నా దగ్గర ఉంది. వారం రోజులు కూర్చుని ఆ ఫోటోను మళ్లీ చేశాను. చొక్కా గీతలు బరువుగా రాలాయి, నెరిసిన జుట్టు తేలిగ్గా గాలికి పోయింది.

పదోరోజున మారేడ్‌పల్లిలో సార్ వాళ్లింటికి వెళ్లాను. మేనేజర్ ఆ గ్రూపు వీడియోనే టీవీలో పెట్టబోతున్నాడు. టీవీలోంచి అతని పెన్‌డ్రైవ్ లాగేసి నాది పెట్టాను. "ఏంటమ్మా ఇది?" అన్నాడు. "చూడండి. ఈసారైనా చూడండి," అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినబడింది.

సార్ మెల్లమెల్లగా రాలిపోయారు. తెర నల్లబడింది. అయిపోయిందనుకుని మేనేజర్ రిమోట్ అందుకున్నాడు.

"బంద్ చెయ్యకు సారూ," అంది సార్ భార్య, తెర మీంచి కళ్లు తిప్పకుండా. "ఇంకొకటి ఉన్నది."

ఉంది. కళ్లజోడు ఉండిన చోట, ఒకే ఒక్కటి, కిందికి దిగాలా వద్దా అన్నట్టు ఇంకా తేలుతోంది.