పైకెక్కిన మలేషియా గీత

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భార్యకి కూడా చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

విశాఖ పోర్టుకి విదేశీ కలప తెప్పించే ఒక కంపెనీలో నేను లెక్కల గుమాస్తాని. ఏ దేశం నుంచి ఏ ఏడు ఎంత విలువైన కలప వచ్చిందో పోల్చి చూపే గీతల పట్టిక, గ్రాఫు లాంటిది, ఒకటి తయారు చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. పాత బిల్లుల దుమ్ము దులిపి, రెండేళ్లు కూర్చుని చేశాను. ఒక్కో దేశానికి ఒక్కో రంగు గీత. అన్నిటికంటే పైకెక్కింది మలేషియా ఎర్ర గీత. యజమాని దాన్ని ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టాడు. ఎవరొచ్చినా నన్ను పిలిచి మరీ పరిచయం చేసేవాడు. ఎంత పొంగిపోయానో! ఇంత జరిగాక కూడా, ఆ పట్టిక గుర్తొస్తే ముందు కలిగేది గర్వమే. సిగ్గు ఆ తర్వాతే వస్తుంది. ఎందుకలా?

సింహాచలం మా కంపెనీ మనిషే, మల్కాపురం వాడు. ఓడలోంచి దిగిన ప్రతి దుంగనీ కొలిచి, సుద్దతో అంకె వేసి, చీటీ నాకు పంపేవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావా అనుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం నా బల్ల మీదున్న పట్టిక నకలు చూస్తూ నిలబడిపోయాడు.

“బావా, మలేషియా దుంగలు ఏటేటా తగ్గిపోతన్నాయి. నీ గీత పైకెల్తందేటి?”

“అది విలువ బావా. దుంగల లెక్క కాదు.”

“నాను సుద్దెట్టిన దుంగలే కదేటి నువ్వు రాత్తన్నావు? సరుకు తగ్గిపోతంటే యాపారం పెరిగిందని ఎలాగంటావు?”

నవ్వి పంపేశాను. అతను వెళ్లాక చీటీలు తీసి చూశాను. నిజమే. కలప ధర పెరిగింది, రూపాయి పడిపోయింది. ఆ రెండూ పక్కనపెడితే ఎర్ర గీత కిందికి దిగుతోంది. సరిదిద్దడానికి ఒక్క పూట చాలు. కానీ ఆ ఫ్రేము గోడ మీంచి దిగడం నేను చూడలేననిపించింది.

వారం తిరక్కుండా యజమాని పిలిచాడు. మలేషియా కలప కోసం ఇంకో యార్డు తీసుకోబోతున్నాడు. దుంగలు తగ్గుతున్నాయని సింహాచలం ఆయనతోనూ అన్నాడట. నిజమేనా అని అడిగాడు.

“అతని కొలతలు ఒక్కోసారి తప్పుతుంటాయండి” అన్నాను.

సింహాచలాన్ని కొలతల నుంచి తీసేసి గేటు దగ్గర లారీ నంబర్లు రాయడానికి కూర్చోబెట్టారు. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాడు. ఆ తర్వాత నన్ను ఎప్పుడూ బావా అనలేదు. సార్ అనేవాడు. కొత్త యార్డు సగం కూడా నిండలేదు. మార్కెట్ బాగాలేదని యజమాని సరిపెట్టుకున్నాడు. నేను హెడ్ క్లర్కునయ్యాను.

ఈ ఏడాది అతని పాత చీటీలన్నీ ముందేసుకుని పట్టిక మళ్లీ చేశాను, ధరలన్నీ ఒకే ఏటి ధరకి తెచ్చి. మొదటిదానికంటే ఎంతో గొప్పగా వచ్చింది. ఓడ బిల్లులతో సరిచూస్తే ఒక్క చీటీలోనూ కొలత తప్పలేదు. ఓడ పక్కన ఎండలో నిలబడి అన్నేళ్లు అంత నిక్కచ్చిగా కొలిచినవాడు నాకు స్నేహితుడని గర్వపడబోయాను. ఆ మాట అనే హక్కు నాకు ఉందా?

జరిగింది ఉత్తరంగా రెండు నకళ్లు రాశాను. ఒకటి యజమానికి, ఒకటి మల్కాపురానికి. క్షమించమని రెండింటిలోనూ రాయలేదు. సింహాచలం కొలతలు ఎప్పుడూ తప్పలేదు, తెలిసి తెలిసి నేనే అబద్ధం చెప్పానని రాసి, కింద సంతకం పెట్టాను. ఇప్పుడు హాయిగా ఉంది.