పేరు మార్చుకోని జములమ్మ

గద్వాలలో మగ్గం మీద పట్టంచు చీరలు నేసే జములమ్మకు మొదటి బిడ్డ పురిట్లోనే పోయాడు. రెండో కాన్పూ అంతే. ఆ తర్వాత వీధిలో ఏ శుభకార్యానికీ ఆమెకు పిలుపు రాలేదు. తోటికోడలు శారదమ్మ మొహం మీదే చెప్పింది.

"నీ పాపమే నీ కడుపుకు తగిలింది. మా పిల్లల్ని ఎత్తుకోకు."

జములమ్మ పన్నెండేళ్లు ఆ మాట నమ్మింది. ఒక ఆదివారం పక్క వీధి దేవమ్మ ఆమెను చర్చికి తీసుకుపోయింది. రక్షణ మనం సంపాదించుకునేది కాదని, దేవుడు ఉచితంగా ఇచ్చేదని పాస్టర్ శ్రవణ్ కుమార్ ఆ రోజు చెప్పాడు. జములమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు శారదమ్మ మనవరాలు గడప తగిలి పడితే ఎత్తుకుంది.

"దింపు," అంది శారదమ్మ.

"దింపను. నా మీద ఏ పాపం లేదక్కా. దేవుడే తీసేసిండు."

ఇంట్లో పెద్ద గొడవైంది. భర్త జోగయ్య మాత్రం, "పోనియ్యుండ్రి. ఆమె నవ్వంగ సూసి ఎన్నేండ్లయింది," అన్నాడు.

ఏడాది తిరిగాక ఆమె బాప్తిస్మం అడిగింది. పాస్టర్ ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు.

"జములమ్మంటే అమ్మవారి పేరు గదమ్మా. రూతు అని పెడదాం. అందరు మార్చుకున్నరు."

"మా అమ్మ మొక్కుకొని కన్నది నన్ను. ప్రేమతోని పెట్టిన పేరయ్యా. నేను మార్చుకోను."

"అట్లయితే కుదరదమ్మా."

"ఉచితమన్నరు గద. గిప్పుడు పేరిస్తెనే అంటుండ్రు. వాళ్లు పాపమని పిల్లల్ని ముట్టనియ్యలే. మీరు పేరని నీళ్లల్ల దిగనియ్యరు. ఏం ఫరక్ ఉంది?"

మూడేళ్లు ఆమెకు బాప్తిస్మం లేదు. బాప్తిస్మం పొందినవాళ్లు రొట్టె పంచుకునే ప్రభువు బల్ల రోజు పళ్లెం ఆమెను దాటి వెళ్లేది. అయినా ముందు వరసలోనే కూర్చునేది. "పేరే గద, ఒప్పుకోరాదు," అని దేవమ్మ బతిమాలినా వినలేదు.

చివరికి పాస్టరే ఇంటికొచ్చి, మగ్గం పక్కన పీట మీద కూర్చున్నాడు.

"ఉచితమని చెప్పేటప్పుడల్లా నువ్వు ఎదురుగ కనిపిస్తున్నవు. నాకు మాట రావట్లేదమ్మా. తప్పు నాదే."

పోగుల మధ్య అటూ ఇటూ ఆడుతున్న నాడెను ఆమె ఆపింది. "నా మీద కోపం లేదు గదయ్యా?"

"లేదమ్మా. వచ్చే ఆదివారం రా."

ఆ ఆదివారం కాలువలో నడుము లోతు నీళ్లలో నిలబడి ఆయన పేరడిగాడు. గట్టు మీద వాళ్లందరికీ వినబడేలా ఆమె చెప్పింది. జోగయ్య పొడి చీర పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. చీర కప్పుకుని, చలికి వణుకుతూనే, ఆమె చర్చి రిజిస్టర్ రాస్తున్న భీమయ్య పక్కకు వెళ్లి తన పేరులో ఒక్కో అక్షరం చూసుకుంది.