వచ్చే వెర్షన్‌లో పెద్దక్షరాలు

ఆ బస్సు డిపో స్పేర్‌పార్టుల ఆఫీసులో డేటాబేస్ చూసే ఆపరేటర్‌కు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. లోకంలో ఏ లోపం కనబడినా వచ్చే వెర్షన్‌కు వాయిదా వేస్తాడు. ఫ్యాను తిరగకపోతే వచ్చే వెర్షన్‌లో తిరుగుతుంది. టీలో పంచదార తగ్గితే వచ్చే వెర్షన్‌లో పడుతుంది. వాళ్ల బావ బట్టతల వస్తోందని దిగులుపడితే, "ఇది పాత వెర్షన్ బావా, వచ్చేదాంట్లో సరిచేస్తారు" అని ఓదార్చాడట. అందరూ అతన్ని వచ్చేవెర్షన్ అనే పిలిచేవారు. అసలు పేరు హాజరుపట్టీకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఈ జబ్బు ముదిరింది కొత్త మానిటర్లు వచ్చాక. ఏడాది కిందట హెడ్డాఫీసువాళ్లు తలుపంత మానిటర్లు పంపారు. స్క్రీన్ పెద్దదయింది గానీ పాత డేటాబేస్‌లోని అక్షరాలు మాత్రం చీమలంత అయిపోయాయి. వచ్చేవెర్షన్ ఊరుకుంటాడా? ఒక్కో అక్షరాన్నీ బొటనవేలంత చేసి కూర్చున్నాడు. అంతంత అక్షరాలు పెడితే స్క్రీన్‌కు రెండు గడుల కంటే పట్టవు కదా. అందుకని ఒక్క బోల్టు సంగతి తెలుసుకోవాలంటే ఏడు స్క్రీన్లు తిప్పాలి. మొదటిదాంట్లో పేరు, మూడోదాంట్లో నంబరు, ఏ అరలో ఉందన్నది ఏడోదాంట్లో. అంతసేపూ కౌంటర్ దగ్గర మెకానిక్ గ్రీజు చేత్తో గడ్డం గోక్కుంటూ నిలబడి, బోల్టుతో పాటు నల్లగడ్డం కూడా పట్టుకెళ్లేవాడు.

అక్కడితో ఆగలేదు. స్టీలు స్కేలుతో కొలిచి, స్క్రీన్‌కు ఎవరి కుర్చీ ఎంత దూరంలో ఉండాలో నేలమీద పసుపుపచ్చ టేపు అతికించాడు. ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ ప్రకటించిన రాబోయే మార్పుల జాబితాను నోటీసు బోర్డు మీద పెట్టాడు. పెద్ద మానిటర్ల మీద ఫారాలు సరిగ్గా సర్దుకుంటాయి, రంగులు కంటికి హాయిగా ఉంటాయి, ఇలా ఏవేవో ఉన్నాయి. ఆఖరి పంక్తి కింద మాత్రం ఎర్ర పెన్సిలుతో రెండు గీతలు: ఎవరి స్క్రీన్ మీద అక్షరాలు వాళ్లు కావలసినంత పెంచుకోవచ్చు. రోజూ ఆ కాగితం ముందు నిలబడి, మబ్బు పట్టిందేమోనని చూసే రైతులా చూసేవాడు.

ఇలాంటి చోటికి కొత్త మేనేజర్ వచ్చింది. మనిషి చురుకు, మాట కరుకు. ఏ కాగితాన్నయినా చెయ్యి బారుగా చాచి పట్టుకుని చదివేది. అధికారం చదివే తీరే అంత కాబోలని అందరూ అనుకున్నారు. మొదటిరోజే ఒక వాషర్ కోసం ఏడు స్క్రీన్లు తిప్పి, ఎనిమిదోది కూడా ఉందేమోనని భయపడింది. మర్నాడు వచ్చేవెర్షన్‌ను పిలిచి, అన్నీ ఒకే స్క్రీన్‌లో పట్టేలా ఫారం మార్చమంది.

"వచ్చే వెర్షన్‌లో అయిపోతుందండి."

"అదెప్పుడొస్తుంది?"

"దగ్గర్లోనే ఉందండి."

నెలన్నర గడిచినా అది దగ్గర్లోనే ఉంది. ఈలోగా హెడ్డాఫీసు నుంచి తాఖీదు వచ్చింది. శనివారానికల్లా ఒకే స్క్రీన్ ఫారం తయారుకావాలి. దాని మీద అందరికీ పరీక్ష పెట్టాలి. గంటకు నలభై పార్టులు తప్పుల్లేకుండా ఎక్కించలేనివాళ్లను లారీల దగ్గర సరుకు దింపే పనికి పంపాలి. ఇక వచ్చేవెర్షన్ తప్పించుకోలేక చీమలంత అక్షరాలతో ఫారం చేసిచ్చాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని కూడా చెప్పుకున్నారు.

పరీక్షలో సీనియర్ క్లర్కు పెద్దక్క గురించి ఎవరికీ బెంగలేదు. ఆవిడది ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసు, పెన్షన్‌కు ఇంకా పదకొండు నెలలు. స్టోర్‌కీపర్ చదువుతుంటే కీబోర్డు వైపు చూడకుండా టకటకా కొట్టేది. శనివారం ఆవిడ వంతు రాగానే వచ్చేవెర్షన్ కుర్చీ పక్కన చేరి, తన పనితనం గురించి గొప్పలు మొదలుపెట్టాడు. చూశారా మేడమ్, ఇప్పుడు మనం పేరు గడిలో ఉన్నాం, ఇదిగో నంబరు గడిలోకి దూకాం, ఇది అర, దీని వెడల్పు నేనే పెంచాను అంటూ ఒకటే ధోరణి. పద్దెనిమిది పార్టుల దాకా మేనేజర్ పళ్లు నూరుకుంటూ భరించింది. తర్వాత అతన్ని బయటికి పంపి తలుపు వేయించింది.

పెద్దక్క వేళ్లు అదే వేగంతో సాగాయి. కాకపోతే పంతొమ్మిదో పార్టు పేరు అర గడిలో పడింది. ఇరవయ్యోదాని నంబరు పేరయి కూర్చుంది.

"పెద్దక్కా, ఒక్కసారి స్క్రీన్ చూడండి" అంది మేనేజర్.

పెద్దక్క కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "చూస్తూనే ఉన్నానమ్మా. కనబడితే కదా."

మేనేజర్ పరీక్ష ఆపించి తలుపు తీసింది. బయటికి వచ్చేసరికి వచ్చేవెర్షన్ నోటీసు బోర్డు ముందు నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?"

"కొత్త మానిటర్లు వచ్చిన్నాటి నుంచండి."

"ఆవిడ ఒక్కరికే పెద్దక్షరాలు పెడితే సరిపోయేది కదా. ఇంతమంది చేత ఏడేసి స్క్రీన్లు తిప్పించడమెందుకు?"

"ఒక్కరికే పెడితే ఆ ఒక్కరూ ఎవరో తెలిసిపోతుంది కదండీ. అందరికీ పెడితే నాకు పిచ్చి అనుకుంటారు, అంతే. అనుకున్నారు కూడా."

మేనేజర్ నోటీసు బోర్డు మీది కాగితాన్ని పట్టుకుంది. ఎర్రగీతల పంక్తి ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. అది వేరే కాగితం మీద టైపు కొట్టి అతికించిన ముక్క.

"ఇది కంపెనీవాళ్లు చెప్పిందేనా?"

"ఇంకా చెప్పలేదండి" అన్నాడు వచ్చేవెర్షన్ తలవంచుకుని. "చెబుతారు. ప్రతి శుక్రవారం ఉత్తరం రాస్తున్నాను. నిన్నటితో యాభై ఒకటి."

మధ్యాహ్నం హెడ్డాఫీసు నుంచి ఫోన్ వచ్చింది. అద్దం గోడకు అవతల పెద్దక్క చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, మేనేజర్ వైపే చూస్తూ కూర్చుంది.

"పరీక్ష రద్దు చేశానండి" అంది మేనేజర్. "ఈ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్ మార్పులేవో రాబోతున్నాయి. ఇప్పుడు పెడితే అప్పుడు మళ్లీ పెట్టాలి. అందాకా పాత ఫారమే ఉంచుతున్నాను." అవతల ఏదో అడిగారు. ఆమె కిటికీ వైపు తిరిగింది. "దగ్గర్లోనే ఉందండి."

సంగతి తెలిశాక పెద్దక్క సంచీ మళ్లీ కొక్కేనికి తగిలించింది. మేనేజర్ పెట్టిన షరతు ఒక్కటే. అర నంబరు మొదటి స్క్రీన్‌లోకి రావాలి. దాంతో మెకానిక్కుల గడ్డాలు కాస్త తెల్లబడ్డాయి.

సోమవారం మేనేజర్ తన గదిలోకి వెళ్లేసరికి కుర్చీ ముందు నేలమీద పసుపుపచ్చ టేపు అతికించి ఉంది. మానిటర్ మీద అక్షరాలు ఒక సైజు పెరిగాయి. ఆమె తలుపు వైపు చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, కుర్చీని టేపు మీదికి జరుపుకుంది. ఆ శుక్రవారం వచ్చేవెర్షన్ యాభై రెండో ఉత్తరం పట్టుకుని వచ్చి, మీరూ ఒక సంతకం పెడితే బరువుంటుందన్నాడు. రెండు వాక్యాల ఉత్తరం నాలుగు పేజీలు వచ్చింది. మేనేజర్ దాన్ని చెయ్యి చాచకుండానే చదివి, కింద సంతకం పెట్టింది.