పులిహోర గంగాళాన్ని మోసిన నా కుర్చీ

పాలమూరు సంగీత సభ వాళ్ళను నేను ఒకే ఒక్క సంగతి అడుగుతూ వస్తున్నాను. అడగడం మొదలుపెట్టినప్పుడు నా మీసాలు నల్లగా ఉండేవి. అధ్యక్షులు మారారు, కార్యదర్శులు మారారు, హాలు గోడలకు సున్నం మీద సున్నం పడింది. జవాబు మాత్రం రాలేదు. ఎదురుపడితే "బాగున్నరా" అంటారు, చాయ్ తాగమంటారు. చాయ్ నాకు ఇంట్లోనే దొరుకుతుంది. మొన్న సభ వార్షికోత్సవంలో ఒక పెద్దమనిషి పాత ముచ్చట్లు చెబుతూ, "ఎనకట ఒకాయన పాడతనని వచ్చి, జనాన్ని చూసి గొంతు పోగొట్టుకున్నడు" అని అందరినీ నవ్వించాడట. ఆ ఒకాయన నేనే. నా గొంతు ఎక్కడికీ పోలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నాకు ఊహ తెలియకముందే జ్వరం వచ్చి కాళ్ళు పడిపోయాయి. నడుము కూడా నిలవదు. ఆనుకోకుండా కూర్చుంటే కుడిపక్కకు ఒరిగిపోతాను. ఒరిగితే ఊపిరి చాలదు, ఊపిరి చాలకపోతే పాట లేదు. మా అక్క పెనిమిటి సైకిళ్ళు బాగుచేసేవాడు. వీపు ఎత్తుగా ఉన్న చెక్క కుర్చీకి రెండు పాత సైకిలు చక్రాలు, వెనకాల ఒక చిన్న చక్రం బిగించి, ఛాతీ కింద కట్టుకోవడానికి తోలు పట్టీ పెట్టి ఇచ్చాడు. ఆ పట్టీ బిగించుకుని మొదటిసారి తత్వం అందుకున్న రోజు, నా గొంతులో అంత బలం ఉందని నాకే తెలిసింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు భజనలకు పిలవసాగారు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో సంగీత సభ నుంచే పిలుపు వచ్చింది.

సభ జరిగే హాలు సంస్థానం రోజుల్లో కట్టింది. రాతి కమానులు, ఎత్తయిన కప్పు. మైకు లేకుండా పాడినా చివరి వరుసదాకా వినిపిస్తుందని పేరు. ఆ హాలులో ఒకసారి బాగా పాడితే మనిషిని గాయకుడనేవారు. లేకపోతే ఎన్నేళ్ళు పాడినా భజన మనిషే. నేను గాయకుడిననిపించుకోవాలనుకున్నాను. ఇందులో దాచుకోవడానికి ఏముంది?

బావా నేనూ ఎడ్లబండి మీద వెళ్ళాం. బండి దిగి కుర్చీలో కూర్చుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి కార్యదర్శి ఎదురొచ్చాడు. ఆయన వకీలు, నలుగురికీ న్యాయం చెప్పే మనిషి.

"కుర్చీ ఆడనే ఆపుండ్రి" అన్నాడు.

"మెట్లే కద సార్" అన్నాడు బావ. "నలుగురం పడితే కుర్చీతోటే ఎక్కిస్తం."

"కుర్చీ లోపలికి ఎట్లొస్తదయ్యా? సెప్పులు ఇడిసి, కాళ్ళు కడుక్కొని పోయే జాగ ఇది. పైన సరస్వతమ్మ పటం ముంగట దీపం ఎలుగుతాంది. గీ చక్రాలు బజారంత తిరిగొచ్చినయి."

ఆ చక్రాలను చెప్పులనవచ్చునని అప్పటిదాకా నాకు తోచనే లేదు. అవి నా కాళ్ళనుకున్నాను. బావ మాత్రం ఊరుకోలేదు. కాళ్ళు కడుక్కునే తొట్టిలోంచి చెంబుతో నీళ్ళు ముంచి, ఒక్కొక్క చక్రం తిప్పుతూ కడిగి, తన రుమాలుతో తుడిచాడు.

"చూసుకోండ్రి సార్. మీ కాళ్ళకంటె సాపుగున్నయి."

"కడిగిన సెప్పులేసుకొని గుళ్ళెకు పోతవా?" అన్నాడు కార్యదర్శి.

వెనక నిలబడ్డవాళ్ళు గొల్లున నవ్వారు. ఆ నవ్వినవాళ్ళలో ఇద్దరి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. పేర్లు రాయను, వాళ్ళకు తెలుసు.

నా కుర్చీని చెప్పుల కుప్ప పక్కకు నెట్టారు. బావ నన్ను వీపు మీద ఎక్కించుకున్నాడు. "గట్టిగ పట్టుకో బామ్మర్దీ. పెండ్లినాడు మీ అక్కను గూడ గిట్ల మొయ్యలె" అన్నాడు, నన్ను నవ్వించాలని. నాకు నవ్వు రాలేదు. ధోవతి జారిపోతోంది, దాన్ని పట్టుకుంటే బావ మెడ మీద పట్టు తప్పుతోంది. గాయకుడిననిపించుకుందామని వచ్చినవాణ్ణి అంతమంది ముందు ఆ తీరున లోపలికి వెళ్ళాను.

వేదిక మీద జంపఖానా పరిచి నా వెనక ఒక బాలీసు పెట్టారు. ఆనుకోగానే అది జారింది.

"నేను ఎనక కూసుంట సార్, నా వీపుకు ఆనుకుంటడు" అని బావ బతిమాలాడు.

"పాడెటోళ్ళు, వాయించెటోళ్ళే పైన ఉండాలె. నువ్వు దిగు."

తబలా వాయించే ముసలాయనను అందరూ చాచా అనేవారు. ఆయన నా వైపు చూసి, "నిమ్మళంగ ఎత్తుకో బేటా, నేనున్న" అన్నాడు. ఎత్తుకున్నాను. మొదటి చరణం నిలబడింది. నా గొంతు పైకప్పును తాకి తిరిగి నా దగ్గరికే రావడం విన్నాను. ఆ హాలు గురించి చెప్పిందంతా నిజమే. రెండో చరణంలో పైకి వెళ్ళాల్సిన చోట ఊపిరి గట్టిగా పీల్చాను, ఒళ్ళు కుడికి జారింది. చెయ్యి ఆన్చాను. ఊపిరి చాలలేదు. పాట మధ్యలో తెగింది. చాచా ఇంకాసేపు ఠేకా వాయిస్తూ నా కోసం ఆగాడు. ఇంతలో కార్యదర్శి లేచి, "గాయకుని తబియత్ మంచిగ లేదు" అని చెప్పేశాడు. నా తబియత్తు నన్నడగకుండానే!

ఇద్దరు వచ్చి నన్ను గోడ పక్కకు చేరవేశారు. మిగతావాళ్ళు పాడారు, చప్పట్లు కొట్టించుకున్నారు. చివరికి హారతి అయింది. వేదిక పక్కనున్న తలుపు తెరుచుకుంది.

నా కుర్చీ లోపలికి వచ్చింది.

దాని మీద పులిహోర గంగాళం ఉంది. గంగాళం కదలకుండా నా తోలు పట్టీతో బిగించి కట్టారు. వంటవాడు తోసుకొస్తున్నాడు. చక్రాలు దీపం పక్కనుంచే దొర్లుకుంటూ వేదిక మధ్యకు వచ్చి ఆగాయి. ఎవరూ "ఆగు" అనలేదు. ఎవరూ చక్రాల వంక చూడను కూడా చూడలేదు. నేను కల గంటున్నానేమోనని బావ ముఖం చూశాను. ఆయన కూడా నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"మెట్ల మీదికెల్లి ఎట్ల తెచ్చిన్రు?" అని అడిగాను.

చాచా తబలాకు గలేబు తొడుగుతూ, "మెట్లెందుకు బేటా? ఎనక రాతి జారుబాట ఉన్నది. బల్లలు, జంపఖానలు అన్నీ అటుకెల్లే తోసుకొస్తరు. నీకెవ్వరు చెప్పలేదా?" అన్నాడు.

నాకెవ్వరూ చెప్పలేదు.

కార్యదర్శిని కేకేశాను. "సార్, నా కుర్చీ లోపలికొచ్చింది కద. నన్ను దాంట్ల కూసోబెట్టుండ్రి. ఒక్క తత్వం పాడత, ఒక్కటే."

"ప్రసాదం మోసింది, దానికి తప్పు లేదు" అన్నాడాయన విస్తళ్ళు పంచుతూ. "గిప్పుడు పాడితె ఎవరింటరయ్యా? జనం లేచిన్రు. వచ్చే ఏడు సూద్దాం."

బావ అప్పటికే పట్టీ విప్పుతున్నాడు. గంగాళం కిందికి దించి, నన్ను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. పట్టీకి నూనె, పసుపు అంటుకున్నాయి. నేను నిటారుగా కూర్చుని ఊపిరి పీల్చేలోపే ఇద్దరు వచ్చి, "జరగాలె, జరగాలె, వడ్డన ఉన్నది" అంటూ కుర్చీని అది వచ్చిన తలుపు వైపే తోశారు. జారుబాట మీద ఒక్క కుదుపైనా లేకుండా కిందికి దిగిపోయాను. అంత నున్నటి బాట అది. మరుసటి ఏడు పిలుపు రాలేదు. ఆ తర్వాత ఏ ఏడూ రాలేదు.

హాలు పాతదనీ, మెట్లు తవ్వడానికి వీల్లేదనీ నాకు చెప్పకండి. మెట్లు తవ్వమని నేనెప్పుడూ అడగలేదు. నేనడిగేది వేరు. వెనక బాట ఉందని తెలిసిన వాళ్ళు అంతమంది ఆ మెట్ల దగ్గర నిలబడి, నన్ను వీపు మీద మోయించుకోనిచ్చి, ఒక్కరైనా ఎందుకు నోరు విప్పలేదు? మొన్నటితో దానికి ఇంకొకటి తోడైంది: నా గొంతు పోయిందని మీ సభలో చెప్పిన మాటను అదే సభలో ఎవరు వెనక్కి తీసుకుంటారు? చాయ్ వద్దు, పరామర్శలు వద్దు. ఇప్పటి కార్యదర్శి గారైనా సరే, ఆ రోజు నవ్విన ఇద్దరిలో ఒకరైనా సరే, నాకు జవాబు చెప్పండి.