తిరగబడిన మూడు అంకెలు

ఈ అరబ్బు దేశంలో, అజీజియా పేటలో నా గది కిందుగా మేత బండి పోతే పచ్చిగడ్డి వాసన మెట్లెక్కి వస్తుంది. ఆ వాసనకు ఖాజా సాబ్ గుర్తొస్తాడు. అప్పట్లో మేం పనిచేసిన తబూక్ పొలాల్లో నీటి పనంతా ఆయన చేతి కింద నడిచేది. కడప మనిషి. నాకంటే ఇరవై ఏళ్లు చిన్న, అయినా నా పై అధికారి. కంప్యూటర్ ముట్టుకునేవాడు కాదు.

నేను డీజిల్ మెకానిక్‌గా వచ్చి, ముసలితనంలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష సొంతంగా నేర్చుకున్నాను. మా డ్రోన్ తీసే పొలం బొమ్మలో ఒక్కో చుక్కకు మూడు అంకెలు: కంటికి కనపడని పరారుణం, ఎరుపు, ఆకుపచ్చ. మొదటి రెండింటితో పైరు ఏపుగా ఉందో వాడిందో లెక్క తేలుతుంది. ఒక వారం, బొమ్మలు త్వరగా తెరుస్తుందని ఏడో పొలం ఒక్కదానికి కొత్త లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాముల మూట, వాడి చూశాను. అంతకు ముందు వారం కళకళలాడిన ఆ పొలం ఎండినట్టు వచ్చింది. అలాగే రాసిచ్చాను. అక్కడ నీళ్లు పెట్టే నంద్యాల మస్తాన్ పని ఎగ్గొట్టాడని, అతన్ని పనిలోంచి తీసేసి ఇంటికి పంపే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు సిద్ధం చేయమన్నాడు మేనేజర్.

ఖాజా సాబ్ నన్ను ఆ పొలంలోకి తీసుకెళ్లి పిడికెడు మన్ను నా అరచేతిలో పెట్టాడు.

“తడి తగులుతాందా మామా? మరి నీ కంప్యూటర్ ఏ పొలం చూసినట్టు?”

“పాత లైబ్రరీ ఒకటి చెప్తాంది సాబ్, కొత్తది ఇంకోటి. ఫైలు ఒకటే. ఏది నిజమో నాకే తెలీడంలా.”

“పొలమంతా ఎందుకు? మనం నిలబడిన చోటు ఒక్క చుక్క, రెండిట్లో ఏం చెప్తాందో రాయి.”

ఆయన పద్ధతే అది. నీటి మీటరు మీద అనుమానమొస్తే ఒకే డ్రమ్ము నీళ్లు రెండు మీటర్లలోంచి పంపి చూసేవాడు. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ చుక్క అంకెలు సిగరెట్ అట్ట మీద రాశాను. పాతదానిలో నూట తొంభై, నలభై, డెబ్భై. కొత్తదానిలో డెబ్భై, నలభై, నూట తొంభై. నేను ఇంకా తికమకపడుతుంటే ఆయన అట్ట అందుకున్నాడు.

“అవే మూడు గదా. ఇది కొస నుంచి చదివింది.”

నేను పరారుణం అనుకున్నది ఆకుపచ్చ. రంగుల్ని వెనక నుంచి అందించే లైబ్రరీ ఆ ముక్క ముందే చెప్పి చావొద్దా? దాని వివరాల్లో ఎక్కడో ఒక మూల రాసే ఉందట. ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

“మేనేజరుకు నువ్వే చెప్పు మామా. నేను చెప్తే మస్తాన్‌ను వెనకేసుకొచ్చినట్టు ఉంటాది.”

చెప్పాను. కాగితాలు ఆగాయి. తర్వాత మస్తాన్ దగ్గరకు పోయి మన్నించమన్నాను. అతను పైపు బిగిస్తూనే, “కంప్యూటర్ చెప్పింది, నువ్వేం చేస్తావులే మామా” అన్నాడు. అది మన్నింపో దెప్పిపొడుపో తేలలేదు. ఖాజా సాబ్‌ను అడిగితే, “నన్నడుగుతావేంది, వాణ్ణడుగు” అన్నాడు. ఆ ధైర్యం నాకు రాలేదు.

ఇప్పుడు నా నివేదికల్లో కంప్యూటర్ చెప్పిందని రాయను. “నేను చూశాను” అని రాస్తాను. అది రాసే ముందు చెయ్యి కాసేపు ఆగుతుంది.